తప్పంతా తలుపుదే

అమెరికాలో తుపాకుల గొడవ ఎందుకు తెగడం లేదో నాకిప్పుడు బోధపడింది. అందరూ తుపాకీ గురించే కొట్టుకుంటున్నారు. అసలు దోషి మాత్రం ఏమీ ఎరగనట్టు గుమ్మానికి వేలాడుతూ కిర్రుమంటోంది.

ఇది నా సొంత పరిశోధన కాదు. 2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు హతమయ్యాక, ఆ రాష్ట్ర సెనేటర్ టెడ్ క్రూజ్ ఒక మందు చెప్పాడు. బడికి రాకపోకలకు ఒకటే తలుపుండాలట, దాని దగ్గర తుపాకులతో పోలీసులుండాలట. హంతకుడు 18 నిండిన వారంలోపే రెండు రైఫిళ్ళు చట్టప్రకారం కొనుక్కున్నాడు. అదే టెక్సస్‌లో బీరు అడిగి ఉంటే, 21 నిండాక రా బాబూ అని పంపేసేవారు. బీరు ప్రమాదకరం కదా మరి.

ఇక తలుపు నేరచరిత్రకు వద్దాం. ఆ రోజు బడి దగ్గరకు 376 మంది పోలీసులు వచ్చారు. హంతకుడి మీదకు వెళ్ళడానికి 77 నిమిషాలు పట్టింది. ఈలోగా తాళంచెవుల కోసం వెతుకులాట. నెల తర్వాత రాష్ట్ర ప్రజాభద్రత శాఖ అధిపతి సెనేట్ కమిటీ ముందు చెప్పిందేమిటంటే, హంతకుడున్న గదికి అసలు తాళమే పడి ఉండదు, పిడి తిప్పి చూసినవాళ్ళే లేరు. చూశారా కుట్ర! తాళం వేసినట్టు నటించి 376 మందిని బురిడీ కొట్టించింది.

రాజ్యాంగం సంగతంటారా? 1791 నాటి రెండో సవరణలో తుపాకీ హక్కుకు 27 మాటలున్నాయి. తలుపుకి ఒక్కటీ లేదు. నాలుగో సవరణ ఇంటిని తలుచుకుంది గానీ తలుపు ఊసెత్తలేదు. కాబట్టి దాన్ని ఎంతైనా కట్టడి చేయొచ్చు. యువాల్డీ జరిగి నెల తిరిగేసరికి సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో, తుపాకీని కట్టడి చేసే చట్టం ఏదైనా ఆ దేశ చారిత్రక సంప్రదాయానికి సరిపడాలంది. ఆ లెక్కన కూడా మనకు చిక్కులేదు. ఆనాటి పల్లె బడులు ఎక్కువగా ఒంటిగదివి, ఒక్క తలుపు సరిపోయేది. ఆనాటి తుపాకీకి నిమిషానికి మూడు గుళ్ళు పేలితే గొప్ప అన్న సంప్రదాయం మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

టెక్సస్‌లో 2021 నుంచి లైసెన్సు లేకుండానే పిస్తోలు నడుముకి పెట్టుకుని తిరగొచ్చు. లైసెన్సున్న పెద్దమనుషులు కూడా తుపాకీతో రాకూడదని దుకాణదారు బోర్డు పెడితే దానికో పద్ధతుంది. చట్టంలో రాసిన మాటలే ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఉండాలి, అక్షరం అంగుళానికి తగ్గకూడదు. ఆ బోర్డు మోసేదెవరు? మళ్ళీ తలుపే.

తలుపు నిజాయితీగా పనిచేసిన చోట్లూ ఉన్నాయి, కాదనను. యువాల్డీ తర్వాత మూడో రోజునే హ్యూస్టన్‌లో తుపాకీ సంఘం ఎన్‌ఆర్‌ఏ మహాసభ జరిగింది. ట్రంప్ ప్రసంగించిన హాల్లోకి తుపాకులు రానివ్వలేదు. సుప్రీంకోర్టు భవనంలోకీ రానివ్వరు. పెద్దవాళ్ళ తలుపులు బుద్ధిగానే పెరుగుతాయి.

నా సిద్ధాంతానికి ఒక్కచోట ఇబ్బంది వచ్చింది. 2023 మే 6న డాలస్ దగ్గర ఆలెన్‌లో ఎనిమిది మందిని కాల్చి చంపారు. అందులో హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజనీరు అమ్మాయి ఒకరు. అది ఆరుబయటి మాల్, హంతకుడు కారు దిగుతూనే మొదలుపెట్టాడు. అక్కడ దాటాల్సిన తలుపే లేదు. రెండు రోజులు ఆలోచించి, తలుపు లేకపోవడమే కారణమని సర్దుకున్నాను.

మా అక్క కూతురు ఆ దగ్గర్లోనే రెండో తరగతి చదువుతోంది. మొన్న వీడియో కాల్‌లో, ఆ రోజు బడిలో లాక్‌డౌన్ అని, అంటే తుపాకీతో ఎవరైనా వస్తే దాక్కోవడం అని, నేర్పిందేమిటో చెప్పింది. లైటు ఆర్పాలి, తలుపుకి దూరంగా మూలన కూర్చోవాలి, తుమ్ము వచ్చినా ఆపుకోవాలి.

"మావయ్యా, మీ బళ్ళో తలుపు గట్టిదేనా?"

"మా బడికి తలుపే లేదమ్మా, వేపచెట్టు కింద కూర్చునేవాళ్ళం."

"మరి ఎక్కడ దాక్కునేవాళ్ళు?"

"లెక్కల మాస్టారు వస్తుంటే ఆ చెట్టెక్కేవాళ్ళం."

అదేం లాక్‌డౌనో దానికి అర్థం కాలేదు.