గేటు ముందు బండి

విజయనగరంలో గంటస్తంభానికి నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో ఇల్లు ఉండడం ఒకప్పుడు గొప్ప. ఇప్పుడు శిక్ష. పొద్దున్న పది దాటితే బజారు పని మీద వచ్చినవాళ్ల బళ్లన్నీ మా వీధిలోనే. నిన్న మా గేటుకు ఆనించి ఒక మోటారు సైకిలు. హ్యాండిల్‌కు తగిలించిన సంచిలోంచి ములక్కాడలు మా ముగ్గు మీదికి వేలాడుతున్నాయి. అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన ఆటో వీధి మొదట్లోనే ఆగిపోయింది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ అంతదూరం నడిచారు.

ఇంటి ప్రవేశానికి అడ్డంగా బండి నిలపకూడదని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. చదివేవారెవరు?

అందుకే వీధివాళ్ల బళ్లకు మాత్రమే పార్కింగ్ స్టిక్కర్లిచ్చి, మిగతా బళ్లను ఇక్కడ నిలపనివ్వొద్దని అధికారులను అడుగుదామని ఆదివారం అందరం కూర్చున్నాం. రెండు గంటల గొడవ. ఇంటికి ఎన్ని స్టిక్కర్లు? మూడు కార్లున్న మేడ ఆయన ‘మనిషికొకటి’ అన్నారు. అద్దెకున్నవాళ్లకు ఇవ్వనక్కర్లేదట! అద్దె మాత్రం ఒకటో తేదీకల్లా చేతిలో పడాలి. కిరాణా కొట్టాయనకు బేరం పోతుందని భయం, అది న్యాయమే. పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం నాడు చుట్టాల బళ్లు ఎక్కడ పెట్టాలని ఎదురింటి పిన్నిగారు అడిగితే ఎవరూ నోరు మెదపలేదు. ఆ మంగళవారం మనుషులు నిలబడడానికే చోటుండదు, ఇక బళ్లా!

అసలు మేడ కింద కార్ల కోసం వదిలిన జాగాను ఆయన గోదాముకు అద్దెకిచ్చారు. ఆ మాట నేనే అన్నాను. అంతే, టీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయారు. ఇంటికొచ్చి చూస్తే ఆయన కారు మా గేటు ముందే ఉంది.