ఎక్కే ముందు పక్కన నడవాలి

'మొండి గుర్రాన్ని మొదట భయపెట్టి లొంగదీయాలి' అని గుర్రాల శిక్షణ మీద మీరు రాసిన వ్యాసంలోని మాట మాత్రం నేను ఒప్పుకోలేను. మాది గుంటూరు. నలభై దాటాక ఊరి బయట స్వారీ నేర్చుకుంటున్నాను. మొదటి రెండు వారాలు మా మాస్టారు నన్ను జీను ఎక్కనివ్వలేదు. గుర్రం ఒళ్ళు రుద్దడం, గిట్టలు శుభ్రం చేయడం, తాడు పట్టుకుని పక్కన నడవడం, అంతే.

గుర్రానికి భయమేస్తే ముందు పారిపోవాలనే చూస్తుంది. కళ్ళు పక్కలకు ఉండడంతో దాదాపు చుట్టూ కనిపిస్తుంది కానీ, సరిగ్గా తన వెనక ఏముందో కనపడదు. చప్పుడు లేకుండా వెనక నుంచి వెళ్తే తన్నేది అందుకే. కాలితో నొక్కితే, అది అడుగు వేసిన క్షణమే నొక్కడం ఆపాలి. ఆ ఆపడమే దానికి మెప్పు. ఆలస్యమైతే మనం ఏం అడిగామో దానికి అర్థం కాదు.

ఒకరోజు నేనెక్కిన గుర్రం ట్రాక్టర్ హారన్‌కి బెదిరింది. టెన్షన్‌లో పగ్గాలు బిగించాను, ఇంకా గింజుకుంది. ఊపిరి వదిలి పగ్గాలు కాస్త సడలించాక, ఒక చెవి నా వైపు తిప్పి నిలబడింది. ఆ చెవి తిరగడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

విజయవాడ పెళ్ళి ఊరేగింపుల్లో డీజే పక్కనే నిలబెట్టే గుర్రాలకు ఆ మోత ఎవరైనా నెమ్మదిగా అలవాటు చేస్తున్నారా? దయచేసి దాని మీద కూడా రాయండి.