మహారాజశ్రీ లైవ్ లొకేషన్ గారికి

మహారాజశ్రీ లైవ్ లొకేషన్ గారికి కర్నూలు పాతబస్తీ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. ఆ 'ఇక్కడ' ఎక్కడో మాత్రం తమరే సెలవియ్యాలి. మా లెక్కన ఇంట్లో ఉన్నాం, తమ లెక్కన హంద్రీ ఏట్లో ఉన్నాం.

నిన్న మధ్యాహ్నం ఇంట్లో నెట్ పోయింది. కంప్లైంట్ పెడితే, "లింకు పంపినాం సార్, నొక్కి లొకేషన్ షేర్ చేయండి, మనిషొస్తాడు" అన్నారు. నెట్ లేదు మొర్రో అన్నవాణ్ణి నెట్‌లో లింకు నొక్కమనడం గురించి ఇప్పుడు ఎత్తను, దానికి వేరే ఉత్తరం రాయాల. ఫోన్‌లో డేటా ఇంట్లో ఒక్క గీత మీద ఊగులాడుతుంటుంది కాబట్టి మిద్దెక్కినా. ఏప్రిల్ ఎండలో, చెప్పుల్లేకుండా. తెరిచీ తెరవంగానే తమరు దిక్సూచి సరిగా లేదు, ఫోన్ పట్టుకుని గాల్లో ఎనిమిది అంకె చుట్టమన్నారు. చుట్టినా. పక్క మిద్దె మీద మిరపకాయలు ఎండబెడుతున్న పెద్దమ్మ కాసేపు చూసి, "ఏం నాయనా, దిష్టి తీస్తాండావా? ఎవరికి?" అనింది. తీరా చూస్తే ఆ ఎనిమిదితో నేను ఎటు తిరిగి నిలబడినానో తెలుస్తుందంట గానీ, ఎక్కడ నిలబడినానో దానికి సంబంధం లేదంట.

షేర్ నొక్కి కిందికి దిగినా. మిద్దె మీద ఉన్నంతసేపు ఇంటి మీదే కూర్చున్న నీలిచుక్క, నేను స్లాబు కిందికి రాంగానే పోయి హంద్రీలో దూకింది. ఉన్న ఒక్క గీత ఈ అబద్ధాన్ని మోయడానికి మాత్రం చక్కగా సరిపోయింది. అప్పుడు ఫోన్ మోగింది.

"సార్, యాడుండారు?"

"ఇంట్లోనే. రా నాయనా."

"నేను లొకేషన్ కాడనే ఉండా సార్. ఈడ ఇల్లే లేదు, కంపచెట్లుండాయి."

"లొకేషన్ వదిలెయ్ప్పా. కొండారెడ్డి బురుజు తెలుసు కదా, ఆడికి రా, నేను ఎదురొస్తా."

"బురుజు తెలుసు సార్. అయితే లొకేషన్‌లో మీరు హంద్రీలో చూపిస్తాండారు."

"నేను ఇంట్లో ఉన్నానయ్యా!"

"ఒకసారి చూసుకోండి సార్."

ఏం చూసుకోవాల? కాళ్ల కింద ఇసుకుందేమోనా? ఆధార్ కార్డున్న మనిషిని, గేటు పట్టుకుని నిలబడి నోటితో చెప్తున్నా, నా మాట చెల్లదు. చుక్క మాట చెల్లుతుంది. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది: 'వినియోగదారుడు అందుబాటులో లేనందున ఫిర్యాదు మూసివేయబడింది.'

శాటిలైట్లను నేనేమీ అనను. పాపం అవి 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నాయి, నీకు కనీసం నాలుగు కనపడాల. స్లాబు కింద అవి కనపడవు, సందులో అయితే సిగ్నల్ గోడలకు తగిలి ఆలస్యంగా వస్తుంది, దూరం లెక్క తప్పుతుంది. అప్పుడు నువ్వు సెల్ టవర్లను, చుట్టుపక్కల వైఫైలను అడిగి ఉజ్జాయింపుగా ఒక చోటు అనుకుంటావు. అనుకో, తప్పులేదు. ఆ సంగతి నీకూ తెలుసు, అందుకే చుట్టూ లేత నీలం వలయం గీస్తావు: ఇందులో ఎక్కడో ఒకచోట ఉన్నాడు, నాకు సరిగ్గా తెలీదు అని. మరి ఆ 'తెలీదు'ను కంటికి ఆననంత లేతగా గీసి, చుక్కను మాత్రం ముదురు రంగులో దిట్టంగా పెడతావెందుకు? ఎండలో బండి మీద ఉన్న పిల్లోనికి వలయం కనపడుతుందా? తెలీదంటే తెలీదని చెప్పు! మా వీధి చివర బీడీల అంగడాయన కూడా తెలీనప్పుడు "తెలీదప్పా, ముందర అడుగు" అంటాడు.

ల్యాప్‌టాప్ బాబుది ఇంకో తరహా. దాంట్లో జీపీఎస్ ఉండదు, నెట్ కంపెనీ ఐపీ అడ్రస్ చూసి ఊరు చెప్తుంది, అందుకని నన్ను హైదరాబాద్‌లో కూర్చోబెడుతుంది. అయ్యా, 1953లో మా ఊరు రాజధాని, 1956లో ఆ రాజధాని హైదరాబాద్‌కే పోయింది. మిగిలిన నన్ను కూడా పంపిస్తారా?

పర్మిషన్ల గోల సరే సరి. 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే', 'ఖచ్చితమైన లొకేషన్', బ్యాటరీ సేవర్... పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగరు.

ఈ రాత్రి మావాడు బెంగళూరులో బస్సెక్కుతున్నాడు. వాళ్లమ్మ ఎప్పట్లాగే ఫోన్ దిండు పక్కన పెట్టుకుని నిన్ను చూస్తూ పడుకుంటుంది. గుత్తి దాటినాడంటే ఒక నిట్టూర్పు, డోన్ దాటినాడంటే ఇంకోటి. నిజం చెప్పాలంటే ఆ నిట్టూర్పుల కోసమే నిన్ను ఇంకా ఫోన్‌లో ఉంచినా. పోయినసారి వాని ఫోన్ బ్యాటరీ సేవర్‌లోకి పోతే ప్యాపిలి కాడ నిలబడిపోయినావు. ఎప్పటి సంగతో చీమ తలకాయంత అక్షరాలతో రాసి ఊరుకున్నావు. ఆమె నన్ను లేపి, బస్సుకు ఏమైందో కనుక్కోమని తెల్లవార్లూ నిలబెట్టింది. వాడు హాయిగా నిద్రపోతున్నాడు.

ఈసారి చార్జింగ్ నిండుగా పెట్టుకోమన్నా, ఎనిమిది గంటల సేపు ఉండేటట్టు షేర్ చేయించినా. బళ్లారి చౌరస్తా దాకా ఆగకుండా రా, చాలు. ఆడి నుంచి ఇంటికి వాన్ని నేనే బండి మీద తెచ్చుకుంటా. నువ్వు రావద్దు.