రేపు మీ అబ్బాయిని బెండకాయగా పంపగలరు

పోయిన వారం గురువారం రాత్రి తొమ్మిది గంటల నలభై నిమిషాలకు, భోజనాలు ముగిసి, ఒకటో తరగతి చదువుతున్న మా అబ్బాయి నిద్రలోకి జారుకున్న ఆ ప్రశాంత ఘడియలో, బడివారి వాట్సాప్ గ్రూపులో ఒక సర్క్యులర్ వెలువడింది. మరునాడు కూరగాయల దినోత్సవమనీ, దిగువ జాబితాలో ఏ రోల్ నంబరుకు ఏ కూరగాయ కేటాయించబడినదో చూసుకుని, పిల్లలను తదనుగుణమైన వేషధారణతో ఎనిమిదింబావుకల్లా పంపగలరనీ దాని సారాంశం. మా వాడి నంబరు పదిహేడు. పదిహేడుకు ఎదురుగా బెండకాయ అని ఉంది.

కరెంటు బిల్లు కట్టడానికి రెండు వారాల గడువు ఇస్తారు. ఆదాయపు పన్ను శాఖవారు సైతం నోటీసు ఇచ్చి కొంత వ్యవధి చూపిస్తారు. పదిన్నర గంటల్లో కన్నకొడుకును కాయగా మార్చి అప్పగించమని ఆజ్ఞాపించే అధికారం మాత్రం, నాకు తెలిసినంతవరకు, ఈ హైదరాబాద్ మహానగరంలో ప్రైవేటు ప్రాథమిక పాఠశాలకు ఒక్కదానికే ఉంది.

మా కాలనీ చివర వేషాలు అద్దెకిచ్చే కొట్టు ఒకటుంది. ఒకప్పుడు శ్రీరామనవమికీ కృష్ణాష్టమికీ తప్ప గిరాకీ ఎరుగని ఆ కొట్టాయన, చుట్టుపక్కల నాలుగు బడులు వెలిశాక, గురువారం రాత్రుల్లో పదకొండు దాకా షటరు సగం ఎత్తి కూర్చుంటున్నాడు. నేను వెళ్ళేసరికి అక్కడ పదిమంది తండ్రులు నిలబడి ఉన్నారు. వారిలో ఒకాయన ఇంకా ఆఫీసు బ్యాడ్జీ కూడా మెడలోంచి తీయలేదు. ఎవరూ ఎవరి ముఖంలోకీ చూడడం లేదు. నా వంతు రాగానే కొట్టాయన నన్ను అడగనైనా అడగకుండా, "బెండకాయలు అయిపోయినయ్ సార్, ఇప్పుడే ముగ్గురు పట్కపోయిన్రు. సొరకాయ ఉన్నది, తీస్కపోండ్రి. గది గూడ పచ్చగనే ఉంటది" అన్నాడు. సర్క్యులర్ మాకంటే ముందు ఆయనకు చేరుతుందని నాకు అప్పుడే బోధపడింది.

రంగు ఒకటే అయినంత మాత్రాన సొరకాయను బెండకాయగా పంపవచ్చునా అనే ధర్మసందేహాన్ని నేను అక్కడి నుంచే క్లాస్ టీచరుగారికి విన్నవించుకున్నాను. రాత్రి పదీ ఇరవైకి ఆవిడ జవాబిచ్చారు: "సొరకాయలు బి సెక్షన్‌కు ఇచ్చాం సార్, ప్రిన్సిపాల్ మేడమ్ ఒప్పుకోరు." ఆ వేళప్పుడు ఆవిడ కూడా మేలుకునే ఉన్నారు. ఎందుకు మేలుకుని ఉన్నారో నేను అప్పుడు ఆలోచించలేదు.

ఆ రాత్రి ఒంటిగంట దాకా మేమిద్దరం హాల్లో కింద కూర్చుని, అపార్ట్‌మెంటులో మరొకరి ఇంట మిగిలిన పచ్చ ఫోమ్ షీటుతో, ఫెవికాల్‌తో, స్టేప్లరుతో యజ్ఞం చేశాం. నడుమ మా ఆవిడ, "ఏమండీ, బెండకాయకు పలకలు ఐదా, ఆరా?" అని అడిగింది. నేను ఫ్రిజ్ తెరిచి, ఒక బెండకాయను బయటికి తీసి, ట్యూబ్‌లైటు కింద తిప్పి తిప్పి లెక్కపెట్టాను. ఐదు ఉన్నాయి. పదిహేడేళ్ళ చదువులో నేను ఏ కూరగాయనూ అంత శ్రద్ధగా పరిశీలించి ఎరుగను. బడి చెబుతున్న పాఠాలు మాకు బాగానే వంటబడుతున్నాయని ఒప్పుకోక తప్పదు.

తెల్లవారాక తెలిసినదేమంటే, బెండకాయ కూర్చోలేదు. నడుము దగ్గర వంగే ఏర్పాటు మేము చేయలేదు. ఆటోలో అప్పటికే రెండు టమాటాలూ ఒక క్యాలీఫ్లవరూ ఆసీనమై ఉండగా, మూడో అంతస్తు నుంచి దిగివచ్చిన ములక్కాడ తల ఆటో పైకప్పుకు తగిలి వంగిపోయింది. ములక్కాడ ఏడ్చింది. దాని తల్లి సెలోటేపుతో పరుగెత్తుకొచ్చింది. చివరకు ఆటో డ్రైవరు తన విజ్ఞతనంతా ఉపయోగించి, ములక్కాడను టమాటాల ఒడిలో అడ్డంగా పడుకోబెట్టి, బెండకాయను తన సీటు వెనకాల కమ్మీ పట్టుకుని నిలబడమని చెప్పి, రైతు బజారుకు సరుకు తోలుతున్న వాడిలా నిదానంగా బయలుదేరాడు. మా వాడు గాలికి తొడిమె ఊగుతుండగా నాకు చేయి ఊపాలని ప్రయత్నించాడు. చేతులు బయటికి రావడానికి కన్నాలు పెట్టడం కూడా మేము మరచిపోయాం.

వేదిక మీద మా వాడు చెప్పవలసిన మాటలు మూడు: "ఐ యామ్ లేడీస్ ఫింగర్. ఐ యామ్ గ్రీన్. ఐ యామ్ రిచ్ ఇన్ ఫైబర్." చెప్పాడట. ఆ సాయంత్రం ఇంట్లో బెండకాయ వేపుడే వండితే, ఒక్కొక్క ముక్కనూ ఏరి కంచం అంచున గోడలా పేర్చాడు. అది లేడీస్ ఫింగర్ కాదట, బెండకాయట.

శనివారం నాడు "ఈ వారం విశేషాలు" అనే సచిత్ర పత్రిక ఫోన్లలోకి దిగింది. అందులో "చిన్నారులు ఎంతో ఉత్సాహంగా పాల్గొని కూరగాయల ప్రాముఖ్యాన్ని తెలుసుకున్నారు" అని ఉంది. పై ఫోటోలో ఉన్న నలభై రెండు కూరగాయల్లో తొమ్మిది ఏడుస్తున్నాయి, ఒక పొట్లకాయ నిద్రపోతోంది, మా బెండకాయ తలకాయ పూర్తిగా వెనక్కి తిరిగి ఉంది. ఆ వాక్యాన్ని ఏ మహానుభావుడు ఏ సంవత్సరంలో రచించాడో గానీ, కూరగాయల స్థానంలో రంగులను, పండ్లను, జాతీయ నాయకులను మార్చుకుంటూ బడివారు ఏడాది పొడవునా దానితోనే నెట్టుకొస్తున్నారు.

రెండో తరగతి దాకా పిల్లలకు హోంవర్క్ ఇవ్వరాదని 2020లో కేంద్రం ప్రకటించిన బడి సంచి విధానం చెబుతోంది. మా బడివారు ఆ నిబంధనను అక్షరాలా పాటిస్తున్నారు. మా వాడికి హోంవర్క్ లేదు, నాకు ఉంది. ఒకటి, రెండు తరగతుల పిల్లల సంచి బరువు 1.6 నుంచి 2.2 కిలోల మధ్య ఉండాలని కూడా అందులో రాశారు. వేషం బరువు అందులోకి వస్తుందో రాదో రాయలేదు. బహుశా విధానకర్తల ఊహకు బెండకాయ అంది ఉండదు.

జూన్‌లో బడి తెరిచినది మొదలు ఇదే వరస. పసుపు రంగు రోజున పసుపు చొక్కా, అరటిపండు. గులాబీ రంగు రోజున పిల్లలందరినీ గులాబీ దుస్తుల్లో వరుసగా నడిపిస్తుంటే, ఎదుటి టీకొట్టు దగ్గరివాళ్ళు ఏ పార్టీ సభో అనుకుని ఎవరొస్తున్నారని ఆరా తీశారు. జూలై మొదటి వారంలో వనమహోత్సవం. కుండీతో సహా మొక్క మేమే పంపాలి, ఫోటో అయ్యాక కుండీతో సహా మేమే తెచ్చుకోవాలి. బతుకమ్మకు ప్లాస్టిక్ తంగేడు. భోగికి నారింజరంగు కాగితపు మంట, అది ఎగసిపడడానికి కింద ఒక టేబుల్ ఫ్యాను. ఇవన్నీ సహించాను. ఆగస్టు 29ని మాత్రం సహించలేకపోయాను.

ఆ రోజు తెలుగు భాషా దినోత్సవం, 1863లో గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజు. ఆహ్వానం ఇంగ్లీషులో వచ్చింది. బడి ఆవరణలో తెలుగు మాట్లాడితే డైరీలో ఎర్ర సిరాతో రిమార్కు రాసే సంప్రదాయం ఉంది గనుక, ఆ ఒక్క పూటకు దాన్ని సడలిస్తున్నట్లు అందులో సెలవిచ్చారు. పంచె కట్టుకుని, దూది మీసం అంటించుకున్న ఐదో తరగతి గిడుగువారు మైకు ముందుకు వచ్చి, "మై నేమ్ ఈజ్ గిడుగు రామమూర్తి, ఐ లవ్ తెలుగు" అని ప్రకటించి దిగిపోయారు. పర్లాకిమిడిలో ఉంటూ సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే పాఠాలు చెప్పించడానికి బడులు పెట్టించిన మనిషి ఆయన. జనం మాట్లాడే తెలుగే బడిలో ఉండాలని పండితులతో పోరాడిన మనిషి. ఆయన మీసాన్ని పెట్టుకుని ఆయన నోటినే కట్టివేయడమనే ఆలోచన గ్రాంథికవాదులకు సైతం తట్టలేదు.

అయినా అసలు విషయం అది కాదు. ఇదంతా రాయడానికి నన్ను కూర్చోబెట్టింది బెండకాయ కూడా కాదు. దానికి ముందు నెలలో జరిగిన "కమ్యూనిటీ హెల్పర్స్ డే."

సమాజానికి సేవచేసేవారిని గౌరవించడం పిల్లలకు అలవాటు చేయాలనే సదుద్దేశంతో ఏర్పాటైన ఆ వేడుకకు తల్లిదండ్రులను కూడా పిలిచారు. పదకొండుమంది డాక్టర్లు, తొమ్మిదిమంది ట్రాఫిక్ పోలీసులు, ఆకుపచ్చ కండువాతో ఒక రైతు, ఖాకీ చొక్కాల్లో ముగ్గురు పోస్టుమన్లు వేదిక పక్కన వరుసలో నిలిచారు. మా వాడికి పారిశుద్ధ్య కార్మికుడి వేషం వచ్చింది. మెరుపు పట్టీల నారింజ జాకెట్టూ కొత్త చీపురూ పంపాలనీ, చీపురు తప్పనిసరిగా శుభ్రంగా ఉండాలనీ సర్క్యులర్‌లో ప్రత్యేకంగా గీత గీసి చెప్పారు. ధర చీటీ కూడా తీయని చీపురును భుజాన వేసుకుని మా వాడు గదాధరుడిలా నిలబడ్డాడు. టీచరు వేషం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర చిన్న గొడవ వినిపించింది. స్పీడ్ పోస్టు ఉత్తరం పట్టుకుని నిజమైన పోస్టుమన్ ఒకాయన వచ్చాడు. లోపల ప్రోగ్రామ్ నడుస్తోంది, ఇప్పుడు ఎవరినీ పంపవద్దన్నారు, మధ్యాహ్నం రమ్మని వాచ్‌మన్ అంటున్నాడు. సంతకం ఒక్కటి పెడితే పోతానని పోస్టుమన్ అంటున్నాడు. ఏం ప్రోగ్రామో అని ఆయన అడిగితే వాచ్‌మన్ కాస్త తడబడి, "ఏదో, పోస్టుమన్లకు సన్మానమంట" అన్నాడు. పోస్టుమన్ ఒక క్షణం ఆలోచించి, సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు. లోపల మైకులో చిన్న పోస్టుమన్ ముగ్గురూ ముక్తకంఠంతో, "ఐ బ్రింగ్ లెటర్స్ టు యువర్ డోర్" అంటున్నారు.

తర్వాత మా వాడి వంతు వచ్చింది. వేదికంతా అప్పటికే థర్మోకోల్ రజనుతో, డాక్టర్ల చేతుల్లోంచి రాలిన దూదితో నిండి ఉంది. దాన్ని ఊడవడానికి ఆయమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. ఆ బడిలో ఆమె ఎన్నేళ్ళుగా ఉందో ప్రిన్సిపాల్‌కు కూడా సరిగా తెలియదు. ఒకటో తరగతి పిల్లలు ప్యాంటు తడుపుకున్నా, వాంతి చేసుకున్నా, మధ్యాహ్నం డబ్బా మూత రాకపోయినా వాళ్ళు పిలిచేది ఆమెనే. మా వాడి జాకెట్టు జిప్పు ఊడితే, తన చీరకున్న పిన్నీసు తీసి పెట్టింది కూడా ఆమే. ఆమె వంగి రెండు మూరలు ఊడ్చిందో లేదో, ఫోటోగ్రాఫర్ కెమెరా దించి, "ఆయమ్మా, నువ్వు ఫ్రేములోకి వస్తున్నవ్, పక్కకు జరుగు" అన్నాడు. కరస్పాండెంటుగారు కుర్చీలోంచే వేలితో పక్కకు పొమ్మన్నట్టు సైగ చేశారు. ఆమె స్తంభం చాటుకు జరిగింది. మా వాడు కొత్త చీపురు పైకెత్తి, "ఐ కీప్ మై సిటీ క్లీన్. ప్లీజ్ రెస్పెక్ట్ మీ" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఆ సిగ్గు నాకు ఇంకా పోలేదు.

అయ్యా కరస్పాండెంటుగారూ, మీకు బొత్తిగా కళ్ళు లేవా? గౌరవించవలసిన మనిషి చీపురుతో సహా వేదిక మీదికి తనంతట తాను నడిచివస్తే, ఆమెను పక్కకు తోసి, ఆమె బొమ్మకు మొక్కించారు గదా! అద్దె జాకెట్టుకు ఇచ్చిన మర్యాద ఆమె చీరకు ఎందుకు ఇవ్వలేకపోయారు? ఏడాదిలో వెలువడే మీ విశేషాల్లో కేకు కోస్తూ మీరు కనిపించని వారం లేదు. ఆమె ముఖం ఒక్కసారి కనిపించిందా? ప్రాథమిక తరగతుల్లో ముప్పైమందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతుంటే, నలభై ఇద్దరిని ఒక్క టీచరుకు అప్పగించి, ఆవిడ చేత అర్ధరాత్రి దాకా థర్మోకోల్ వంకాయలు కోయిస్తారా? ఆ గురువారం రాత్రి పదీ ఇరవైకి ఆవిడ మేలుకుని ఉన్నది అందుకేనని, ఆ వంకాయల ఖర్చు కూడా ఆవిడదేనని మరో టీచరు నోటివెంట విన్నాను. ఫీజుల్లో సగం ఉపాధ్యాయుల జీతాలకు పోవాలనీ, యాజమాన్యం 5 శాతానికి మించి తీసుకోరాదనీ 1994లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో నంబరు 1 ఇచ్చింది. ముప్పై ఏళ్ళు దాటాయి. మీ ఆఫీసు గోడల మీద ఎన్ని షీల్డులో ఉన్నాయి. ఆ జీవో కాగితం ఒక్కటి అతికించడానికి చోటు లేదా?

నా ఈ ఆవేదనను కాస్త మెత్తబరచి, నమస్కారాలు జోడించి, డైరీలో రాసి పంపాను. జవాబు రాలేదని అనలేను. నిన్న గురువారం, రాత్రి తొమ్మిదీ నలభైకి వచ్చింది. తల్లిదండ్రుల సూచనను యాజమాన్యం ఎంతో ఉత్సాహంగా స్వీకరించిందనీ, మరునాడు పాఠశాలలో "థాంక్యూ ఆయమ్మ" దినోత్సవమనీ, పిల్లలు ఎ4 సైజు చార్టు మీద గ్లిట్టరుతో కార్డు తయారుచేసి తేవలెననీ అందులో ఉంది. కార్డులను ప్రదర్శన నిమిత్తం రిసెప్షన్‌లోని బోర్డుకు అంటిస్తారు కనుక పిల్లలు వాటిని నేరుగా ఎవరికీ ఇవ్వరాదు. గ్లిట్టరు నేల మీద రాలే అవకాశం ఉన్నందున, ఊడ్చి వెళ్ళే నిమిత్తం ఆయమ్మలను ఆ రోజు ఒక గంట అదనంగా ఉండవలసిందిగా ఇప్పటికే కోరారట.