సూపర్‌సిమెట్రీకి సంతాపం రాసేవారితో నా పేచీ

‘సూపర్‌సిమెట్రీ కథ ముగిసింది’ అంటూ మళ్లీ ఒక శీర్షిక కనిపించింది. మనకు తెలిసిన ప్రతి మూలకణానికీ ఇంకా దొరకని ఒక భాగస్వామి కణం ఉంటుందనే సిద్ధాంతమే సూపర్‌సిమెట్రీ. దాని కథ ముగిసిందన్న మాట చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఈ వెతుకులాట ఎలా సాగుతుందో కాస్తయినా తెలిసినవారు అలా రాయరు.

జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన సంస్థలో, లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అనే యంత్రం ఉన్న 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్ల గుంపులు సెకనుకు దాదాపు 4 కోట్ల సార్లు ఎదురెదురుగా వస్తాయి. అక్కడ వెతికేది కనిపించే కణం కోసం కాదు, తప్పించుకుపోయిన కణం కోసం. క్వార్కులను కట్టి ఉంచే గ్లువాన్‌కు భాగస్వామి అయిన గ్లూయినో పుడితే వెంటనే విచ్ఛిన్నమై చివరకు న్యూట్రలీనో అనే తటస్థ భాగస్వామి కణాన్ని మిగులుస్తుందని అంచనా. అది డిటెక్టర్‌లో ఏ జాడా వదలకుండా వెళ్లిపోతుంది. కిరణపుంజానికి అడ్డంగా ద్రవ్యవేగాల లెక్క సరిపోకపోతే, ఏదో జారిపోయిందని అర్థం. కానీ మనకు ఇప్పటికే తెలిసిన జడ్ బోసాన్ అనే కణం, డిటెక్టర్‌కు చిక్కని రెండు న్యూట్రినోలుగా విడిపోయినా అచ్చం అదే లోటు! ఒక జెట్ (కణాల ధార) శక్తిని తక్కువగా కొలిచినా అంతే. ఇలాంటివి ఎన్ని వస్తాయో ముందే లెక్కగట్టి, ఆ తర్వాతే కొత్త కణం కనిపించాల్సిన చోటి డేటాను తెరిచి చూస్తారు. మనసు కోరుకున్నదే కంటికి కనిపిస్తుందన్న భయంతో తమ కళ్లకు తామే గంతలు కట్టుకునే పని ఇది. 2015 డిసెంబరులో 750 జీఈవీ (కణాల బరువును కొలిచే ప్రమాణం) దగ్గర ఫోటాన్ల, అంటే కాంతి కణాల, జంటల్లో అంచనాకు మించిన ఒక ఉబ్బు కనిపించి లోకమంతా ఊగిపోయింది. 2016 ఆగస్టులో, మరింత డేటా వచ్చాక, అది లేదని చెప్పింది కూడా దాన్ని చూపించిన అట్లాస్, సీఎంఎస్ డిటెక్టర్ల బృందాలే.

నిరాశ లేదనను. 2012లో, మూలకణాలకు బరువు ఎలా వస్తుందో చెప్పే హిగ్స్ కణం 125 జీఈవీ దగ్గర దొరికింది. అది అంత తేలికగా ఎందుకుందో వివరించే భాగస్వామి కణాలు ఆ దరిదాపుల్లోనే ఉంటాయని చాలామంది సిద్ధాంతకర్తలు ధీమాగా చెప్పారు. ఆ ధీమాను విమర్శించండి. భారత్ 2017 నుంచి సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం, ఖర్చులో మన వాటా కూడా ఉంది, కాబట్టి అడిగే హక్కు మనకూ ఉంది.

అయితే సరైన ప్రశ్న అడగండి. గ్లూయినో 2 టీఈవీ (2000 జీఈవీ) దాటినా కనిపించలేదన్న హద్దు, న్యూట్రలీనో బాగా తేలికగా ఉంటుందన్న ఊహ మీద నిలిచింది. రెండింటి బరువులూ దగ్గరగా ఉంటే ఆ హద్దు బాగా కిందికి దిగుతుంది. హిగ్స్ బరువుతో నేరుగా ముడిపడిన, హిగ్స్‌కు భాగస్వామి అయిన హిగ్సీనో విషయంలోనైతే హద్దు 200 జీఈవీ చుట్టుపక్కలే ఉంది. దాని గుర్తు శక్తి తక్కువైన ఒక మ్యూయాన్ (ఎలక్ట్రాన్‌ను పోలిన బరువైన కణం) జంట, లేదా కొన్ని సెంటీమీటర్లు సాగి మధ్యలో ఆగిపోయే జాడ. అంత సన్నని గుర్తు కోసం యువ పరిశోధకులు ఏళ్లు వెచ్చిస్తున్నారు. వారి శ్రమను ఒక్క శీర్షికతో కొట్టిపారేయడం అన్యాయం.

ఏ కణం, ఏ బరువు వరకు, ఏ ఊహల మీద లేదని తేలింది? వార్త రాసేవారు ఈ ఒక్క వాక్యం చేర్చండి, నాకు మరే పేచీ లేదు.