కరెంటు బిల్లు లేనివాడు మనిషే కాడు

ఫ్రాన్స్ అనగానే మనవాళ్ళకి ఐఫిల్ టవరూ, సెంటు సీసాలూ గుర్తొస్తాయి. లియోన్ నగరంలో మూడేళ్ళుగా జిరాక్సులు తీయిస్తూ బతుకుతున్నవాడిగా నేను సవినయంగా మనవి చేసేదేమిటంటే, ఈ దేశంలో మనిషి బతికి ఉన్నాడనడానికి ఊపిరి చాలదు. మూడు నెలల లోపు వచ్చిన కరెంటు బిల్లు ఉండాలి.

బిల్లు రావాలంటే ఇల్లుండాలి. ఇల్లు అద్దెకివ్వాలంటే అద్దెకి మూడు రెట్లు జీతం, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, పైన హామీదారు. జీతం పడాలంటే బ్యాంకు ఖాతా. ఖాతా తెరవాలంటే, అయ్యా, కరెంటు బిల్లు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అన్న మన సామెతని ఎవరో పారిస్ పట్టుకెళ్ళి చట్టం చేసినట్టున్నారు.

ఈ కాగితాల కట్టని ఇక్కడ దోసియే అంటారు. మొదటిసారి విన్నప్పుడు ఆకలి వేసింది. తర్వాత తెలిసింది, ఇదీ పెనం మీద వేసేదే, కాకపోతే కాలేది మనం.

మొదటి దోసియేతో ఒక ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్ దగ్గర నిలబడి, వారం రోజులు బట్టీపట్టిన ఫ్రెంచిలో నా సమస్య అంతా చెప్పాను. అవతల మేడమ్ గారు కళ్ళెత్తకుండా "బోంజూర్" అన్నారు. వినపడలేదేమోనని మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఈసారి కాస్త నొక్కి, "బోంజూర్." నా వెనక క్యూలో ఎవరో నిట్టూర్చారు. ముందు నమస్కారం పెట్టాలని మూడోసారికి నాకు వెలిగి, "బోంజూర్ మేడమ్" అన్నాను. ఆవిడ ముఖం పున్నమి చంద్రుడిలా వికసించింది. "బోంజూర్ మొస్యూ! మీ దోసియేలో ఒక కాగితం తక్కువైంది" అన్నారు ఆప్యాయంగా.

అప్పట్నుంచీ రొట్టెల కొట్లోనైనా, బస్సెక్కినా, లిఫ్టులో ముక్కూమొహం తెలియని మనిషి కనిపించినా ముందు బోంజూర్ కొడతాను. గుడి గంట లాంటిది. దేవుడు వరమిస్తాడని కాదు, మనం వచ్చామని తెలియాలి కదా.

తక్కువైన ఆ కాగితం జనన ధృవీకరణ పత్రం. ఉంది కదా అని చూపించాను. పాతది పనికిరాదట, కొత్తగా తీయించి, ప్రమాణం చేసిన అనువాదకుడితో ఫ్రెంచిలోకి మార్పించి తేవాలట. వాళ్ళ తర్కం వాళ్ళకుంది. ఇక్కడ మనిషి పెళ్ళయినా, విడాకులైనా, చివరికి పోయినా ఆ సంగతి జనన రిజిస్టరు అంచున రాస్తారు. అందుకని కాపీ ఎప్పటికప్పుడు తాజాగా ఉండాలి. రొట్టెనే ఊరుకోని దేశం మరి. సంప్రదాయ బగెట్‌లో రసాయనాలు కలపకూడదు, ఫ్రీజర్‌లో పెట్టకూడదు అని 1993లో ఏకంగా డిక్రీ తెచ్చారు. 2022లో ఆ బగెట్ విద్యకి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. పుట్టుకకి ఇంకా రావాలి.

తెనాలికి ఫోన్ చేశాను. "నాన్నా, నా బర్త్ సర్టిఫికెట్ కొత్తది కావాలి. మున్సిపాలిటీకి వెళ్ళొస్తారా?"

కాసేపు నిశ్శబ్దం. "ఏరా, మళ్ళీ పుట్టావా?"

నిజానికి ఇంచుమించు అదే. ఆ కాగితం పుణ్యమాని నాకు సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చింది. పదిహేను అంకెలు. మగవాడికి 1, ఆడవాళ్ళకి 2, తర్వాత పుట్టిన సంవత్సరం, నెల, ఆపైన పుట్టిన జిల్లా. ఫ్రాన్స్ బయట పుట్టినవాళ్ళకి జిల్లా ఉండదు కనుక 99 వేస్తారు. తెనాలిలో పుట్టినా టింబక్టూలో పుట్టినా 99. దాన్ని నోటితో చెప్పడం మరో పరీక్ష. ఫ్రెంచిలో 99 అంటే నాలుగు ఇరవైలు, పది, తొమ్మిది. మా నాయనమ్మ పిడకల్ని పుంజీల్లో లెక్కపెట్టేది కనుక నాకు సులువుగానే పట్టుబడింది. ఆవిడని ఇక్కడికి తెచ్చుంటే గణాంకశాఖలో కూర్చోబెట్టేవారు.

కాగితాల బాధ సొంత ప్రజలకీ తెలుసు. 2013లో అధ్యక్షుడు ఫ్రాన్సువా ఒలాంద్ పాలనని తేలిక చేస్తామంటూ "సరళీకరణ షాక్" ప్రకటించారు. నా కౌంటర్ దాకా ఆ షాక్ రాలేదు. కరెంటు నా పేరు మీద లేకపోవడం వల్ల కావచ్చు.

మధ్యలో ఆగస్టొచ్చింది, ఇక్కడ సెలవుల నెల. ఆగస్టు గురించి చెప్పడానికేమీ లేదు, చెప్పేవాళ్ళందరూ సముద్రం ఒడ్డున ఉన్నారు.

అంతవరకూ నన్ను బతికించింది ఇక్కడే ఉంటున్న ఒక కర్నూలు అన్నయ్య. "ఇతను మా ఇంట్లో ఉంటున్నాడు" అని ఉత్తరం రాసి, సంతకం పెట్టి, తన గుర్తింపు కార్డు కాపీ, తన కరెంటు బిల్లు జతచేసి ఇచ్చాడు. ఆరు నెలలు ఆయన ఫ్రిజ్, ఆయన గీజరు, ఆయన మీటరు మీద నా అస్తిత్వం తిరిగింది. నా పేరుతో తొలి బిల్లు వచ్చిన రోజు ఫోటో తీసి ఇంటికి పంపాను. అమ్మ దేవుడి దగ్గర పెట్టమంది.

పోయిన వారం కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, అర్జెంటు. అడ్రస్ ప్రూఫ్‌కి మీ కరెంటు బిల్లు కాపీ ఒకటి..."

"బోంజూర్" అన్నాను.

"అన్నా, వినపడుతోందా? కరెంటు బిల్లు..."

"బోంజూర్."