బొద్దింక పక్కింటిదే

మా అపార్ట్‌మెంట్ మీటింగుల్లో ఏళ్ల తరబడి తేలని విషయం ఒక్కటే: ఈ బొద్దింకలు ఎవరివి? మూడో అంతస్తు వాళ్లు నాలుగో అంతస్తు వాళ్లవంటారు. వాళ్లేమో డ్రైనేజీ పైపు వైపు చూపిస్తారు. "మా వంటింట్లో పుట్టినవైతే కావండీ" అని ఒకావిడ ఒట్టేసినంత పని చేసింది. ఇదేదో మా బిల్డింగు జబ్బు అనుకుని దిగులుపడ్డాను. ఆ పురుగుకి ఇంగ్లిష్ పేరు ఎలా వచ్చిందో చదివాక మనసు కుదుటపడింది. ఇది అంతర్జాతీయ ఆచారమట.

స్పానిష్ వాళ్లు దాన్ని కుకరాచా అంటారు. 1624లో అచ్చయిన తన పుస్తకంలో ఇంగ్లిష్ యాత్రికుడు కెప్టెన్ జాన్ స్మిత్ దాన్ని కాకరూచ్‌గా మార్చి, పెట్టెల్లో దూరి కంపు రెట్టతో సామానంతా పాడుచేస్తుందని వాపోయాడు. అక్కడితో ఆగాడా? అదొక 'ఇండియా పురుగు' అని కూడా రాశాడు. ఇండియా అంటే ఆయన ఉద్దేశం వెస్టిండీస్ లెండి. కొలంబస్ దారి తప్పినందుకు చెడ్డపేరు మనకి!

కాకరూచ్ ఇంగ్లిష్ నోటికి లొంగలేదు. దాంతో తెలిసిన రెండు మాటల్లో దాన్ని కూరేశారు. కాక్ అంటే కోడిపుంజు, రోచ్ అంటే ఒక రకం చేప. ఇదేమో పుంజూ కాదు, చేపా కాదు, పోపుల డబ్బా వెనక మీసాలు మాత్రం ఆడిస్తుంది. 19వ శతాబ్దంలో అమెరికా పెద్దమనుషులకి ఆ 'కాక్' కాస్తా బూతులా వినిపించింది. పుంజుని రూస్టర్ అన్నారు, పురుగుకి తల తీసేసి రోచ్ అన్నారు. పురుగు సింకు కింద ఉన్నా ఫర్వాలేదు, నలుగురిలో పేరు మర్యాదగా ఉండాలి కదా.

వంటింట్లో తిరిగే చిన్న బొద్దింకకి 1767లో జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ జర్మనీ పేరు తగిలించాడు. రష్యన్లు దాన్ని 'ప్రష్యావాడు' అంటారు. జర్మనీలో కొన్నిచోట్ల అదే పురుగు 'రష్యావాడు'. మా మూడో అంతస్తు, నాలుగో అంతస్తు అన్నమాట. ఇక అమెరికన్ బొద్దింక అమెరికాది కానే కాదు, ఆఫ్రికా నుంచి ఓడలెక్కి వెళ్లింది.

2024లో శాస్త్రవేత్తలు జన్యువులు తవ్వి చూస్తే, జర్మన్ బొద్దింక సుమారు 2,100 ఏళ్ల కిందట ఇండియాలోనో మయన్మార్‌లోనో ఆసియా బొద్దింక నుంచి విడిపోయిందని తేలింది. ఈ సంగతి మొన్నటి మీటింగులో చదివి వినిపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"మినిట్స్‌లో మయన్మార్ అని రాసెయ్యండి" అన్నారు సెక్రటరీగారు.